తెల్ల చుక్క

మార్చి 3, సోమవారం

బావది అయిపోయింది. 31.

పదిహేను మందిలో ఇంత శుభ్రమైన గీత నేను చూడలేదు. మామూలుగా మనిషి ఊపిరి తీసినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెర మీద గీత వంకర్లు పోతుంది. బావది స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. లోపల్లోపల మురిసిపోయాను కూడా. గాజు తలుపుకి అవతల అక్క కూర్చుని ఉందన్న సంగతి ఆ రెండు నిమిషాలూ గుర్తే లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఇది చదివేది నేనొక్కదాన్నే.

గొట్టం డాక్టరు తన గొట్టాన్ని బావ ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి దింపి, అందులోంచి నా గాజు తీగని గడ్డ దాకా పంపాడు. తీగలోంచి వెలుగు వెళ్లి, గడ్డలోని రక్తానికి తగిలి వెనక్కొచ్చింది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక రకంగా, లేని రక్తం ఒక రకంగా వెలుగుని తాగుతాయి. ఎంత తాగిందో చూసి నా పెట్టె అంకె చెప్తుంది. నేను అలవాటు ప్రకారం “ఇంకాస్త నొక్కండి” అన్నాను. పెద్ద నర్సు వీడియో చూసి “చుక్క పడింది లైటమ్మా” అంది. తీగ కొస తగిలిన చోట చిన్న తెల్ల చుక్క పడితే తీగ సరిగ్గా ఆనినట్టు లెక్క. ఆ నియమం నేను పెట్టిందే. బటన్ నొక్కాను. 31.

బయటికొచ్చి అక్కతో “చాలా మంచి రీడింగ్ వచ్చింది” అన్నాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుని “అంటే తగ్గిపోతుందా?” అంది. రీడింగ్ మంచిదైతే గడ్డ మంచిదని కాదని చెప్పడానికి తల ప్రాణం తోకకొచ్చింది. 40 కంటే తక్కువంటే గడ్డకి ఆక్సిజన్ అందడం లేదనీ, అలాంటి గడ్డ రేడియేషన్‌కి ఓ పట్టాన లొంగదనీ, అందుకే పెద్ద డోసు ఇస్తారనీ చెప్పాను. అక్క అంతా విని “మరి నువ్వు మంచిదన్నావు కదా” అంది.

మార్చి 4, మంగళవారం

ఒకే కప్పు మూడుసార్లు కడిగాను. కారణం ఏమీ లేదు.

మార్చి 5, బుధవారం

డోసు డాక్టరమ్మ గదిలో అక్క, బావ, నేను. ఆవిడకి నవ్వడం రాదని ఆస్పత్రిలో అందరూ అంటారు. నిజంగానే రాదు. “పెద్ద డోసు ఇద్దాం. ముప్పై రోజులు. పదిహేడో తారీఖు మొదలు” అంది.

“రెండో కోటింగన్నమాట” అన్నాడు బావ. నలభై ఏళ్లుగా సైన్‌బోర్డులు రాస్తున్నాడు, ఏ మాటకైనా రంగు పూయందే ఊరుకోడు. ఆ రంగుల వాసన పీల్చే ఊపిరితిత్తులు ఇలా అయ్యాయని అక్క నమ్మకం. బావ మాత్రం దాన్ని ఒప్పుకోడు, రంగుల మీద ఈగ వాలనివ్వడు.

“మూడోది కూడా” అంది డాక్టరమ్మ, నవ్వకుండానే. “ముందే చెప్తున్నాను. ఆహారం దిగే గొట్టం కాలుతుంది, మింగడం కష్టమవుతుంది. మీ ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం, ఆయాసం పెరగొచ్చు. మామూలు డోసైతే ఈ బాధలు తక్కువ. కానీ మీ గడ్డ మామూలు డోసుకి లొంగే రకం కాదు. అంకె చెప్తోంది కదా.”

అంకె చెప్తోంది కదా. అంటూ నా వంక చూసింది. నేను తలూపాను.

తిరిగి వస్తుంటే వార్డు తలుపు దగ్గర నేను కొలిచిన పదిహేను మందిలో తొమ్మిదో నంబరు కనిపించాడు. దర్జీ ఆయన. నవంబరులో ఆయన అంకె 28. పెద్ద డోసు ఇచ్చారు. గడ్డ తగ్గింది గానీ మింగలేడు, పొట్టలోకి ట్యూబు వేశారు. నన్ను చూస్తే ఎప్పుడూ చెయ్యెత్తుతాడు. ఇవాళ నేనూ ఎత్తాను. “ఎవరే?” అంది అక్క. తెలిసినాయన అన్నాను.

మార్చి 6, గురువారం

మా పద్ధతి నేర్చుకుంటామని వేరే ఆస్పత్రి వాళ్లు వీడియో అడిగారు. ఉన్నవాటిలో బావదే శుభ్రంగా ఉంది కాబట్టి, ముక్కలు కత్తిరిద్దామని దాన్నే మెల్లగా నడిపించి చూశాను. తీగ ఎత్తేశాక ఆ తెల్ల చుక్క వెంటనే పోలేదు. ముందు లేత గులాబీ రంగుకి తిరిగింది, తర్వాత మెల్లగా ఎరుపెక్కింది. ఏడు సెకన్లు.

వెనక్కి తిప్పి చూశాను. పద్నాలుగుసార్లు చూశాను.

తెల్లగా ఎందుకుంది? రక్తం లేదు కనుక. ఎందుకు లేదు? తీగ ఆనితే రక్తం కాస్త పక్కకి జరుగుతుంది, ఇందులో వింతేముంది. మిగిలిన కాస్త రక్తంలోని ఆక్సిజన్ని గడ్డ తాగేస్తుంది, కొత్త రక్తం రాదు. అప్పుడు అంకె...

అందరికీ అలాగే జరుగుతుంది. అందరికీ ఒకేలా జరిగితే తేడా ఏమీ రాదు.

మార్చి 7, శుక్రవారం

ఏమీ లేదు. వీడియో పంపలేదు, ఆడియో బాగాలేదని వాళ్లకి రాశాను. ఆ వీడియోకి ఆడియోనే లేదు.

మార్చి 8, శనివారం

సెలవు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. చిన్న పనుందని నాకు నేనే చెప్పుకుని వెళ్లాను.

తీగని బాగా కడిగి, కింది పెదవి లోపల ఆనించుకున్నాను. తేలిగ్గా పెడితే 66. నొక్కితే 35. వదిలేసి, రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి, మళ్లీ పెట్టాను. 67. మళ్లీ నొక్కాను. 33.

ఈ అంకెలు ల్యాబ్ పుస్తకంలో రాయలేదు. ఆ పేజీలకి నంబర్లుంటాయి, చింపితే తెలిసిపోతుంది. బస్సు టికెట్ వెనక రాసి పర్సులో పెట్టాను. దారిలో నాలుగుసార్లు పర్సు తీసి చూసుకున్నాను. పక్క సీటావిడ నాకేదో పోయిందనుకుని కింద వెతకడం మొదలుపెట్టింది.

పెదవి వేరు, గడ్డ వేరు. పెదవి మెత్తగా ఉంటుంది. గడ్డ గట్టిది, నొక్కినా రక్తం అంతగా కదలదు. కదలకపోవచ్చు. దీని గురించి ఎవరైనా రాశారేమో చూడాలి.

మధ్యాహ్నం చూశాను. రాశారు. పదేళ్ల కిందటే రాశారు. తీగతో నొక్కితే అంకె పడిపోతుందని, జాగ్రత్తగా ఉండమని. ఆ వ్యాసాన్ని నేను మా మొదటి రిపోర్టులో ప్రస్తావించాను కూడా. పేరు చూసి పెట్టానే తప్ప లోపల చదవలేదు.

మార్చి 9, ఆదివారం

అక్క వాళ్లింటికి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను.

బావ బాల్కనీలో కుర్చీ వేసుకుని బోర్డు రాస్తున్నాడు. ఎదుటి బడి వాళ్లు అడిగారట, ‘పిల్లలున్నారు, నెమ్మదిగా పోండి’ అని. నిలబడితే ఆయాసం వస్తోందని కూర్చునే రాస్తున్నాడు. ‘పిల్లలు’ దాకా వచ్చాడు.

“రావే మరదలా. మీ గొట్టం డాక్టరు ఎలా ఉన్నాడు? ఆయనకి చెప్పు, నా ముక్కు ఆయనకి రాసిచ్చేశానని. ఇక నా దగ్గర లేదు.”

“అంత బాధపడ్డావా బావా?”

“బాధ కాదే. మునిగిపోతున్నట్టుంటుంది. మంచం మీద పడుకుని, చుక్క నీరు లేకుండానే మునిగిపోయాననుకో. చచ్చినా ఇంకోసారి ఆ గొట్టం దింపించుకోను. మీ అక్క బతిమాలినా సరే, నువ్వు బతిమాలినా సరే.”

అక్క లోపలినుంచి, “ఇంకోసారి ఎందుకు దింపుతారు? అయిపోయిందిగా! అశుభం పలక్కండి” అంది.

అమ్మ పోయాక పన్నెండేళ్లప్పుడు ఈ ఇంటికొచ్చాను. వచ్చిన రోజే బావ నా పెట్టె మీద నా పేరు రాసిచ్చాడు, అక్షరాల చుట్టూ నీలం నీడతో. ఆ ఇంట్లో నాకంటూ ఉన్న మొదటి వస్తువు అదే. ఇంత చేసిన మనిషికి నోరు తెరిచి నిజం చెప్పడం ఎందుకింత కష్టమో అర్థం కాలేదు. అన్నం తిని వచ్చేశాను. గుమ్మం దగ్గర అక్క “ఏమైందే, ముఖం అలా పీక్కుపోయింది?” అంది. పని ఎక్కువైందన్నాను.

అంకె తప్పయితే బావ ఊరికే కాలిపోతాడు. తప్పని నేననుకుని డోసు తగ్గించాక, అంకే నిజమైతే గడ్డ ఉండిపోతుంది. ఎటు చూసినా బావే.

మార్చి 10, సోమవారం

ల్యాబ్ పుస్తకం మొదటి పేజీలు తీశాను. మొదటి నలుగురు. 61, 44, 58, 52. నాలుగింటికీ అడ్డంగా నా చేత్తోనే గీత, పక్కన ‘సిగ్నల్ బాగాలేదు’ అని.

గీత వణుకుతోందని తీసేశాను. వణికే గీత నాకు పడదు. ఐదో మనిషి దగ్గర గొట్టం డాక్టరుతో “కాస్త నొక్కి చూడండి” అన్నాను. గీత టక్కున నిలబడింది. 30. ఆ రోజు ల్యాబ్‌లో కేకు కోశాం. ఐదు నుంచి పదిహేను దాకా అందరికీ నొక్కాం, అందరికీ చుక్క పడింది. పదకొండు మంది. వాళ్లలో తొమ్మిది మందికి 40 కంటే తక్కువ.

నొక్కకముందు నలుగురిలో నలుగురూ 40కి పైనే. నొక్కాక పదకొండులో తొమ్మిది కిందే. చిన్నపిల్లాడికి చూపించినా చెప్తాడు.

మంది తక్కువ కదా, యాదృచ్ఛికం కావచ్చు. నలుగురంటే ఏమంత.

కాదు. నాకు తెలుసు, కాదు.

మార్చి 11, మంగళవారం

గొట్టం డాక్టరుకి చెప్పాను. క్యాంటీన్‌లో, ఆయన శాండ్‌విచ్ తింటుండగా. టికెట్ చూపించాను. తినడం ఆపలేదు గానీ నమలడం మెల్లగా అయింది.

“ఏమ్మా, నొక్కమన్నది నువ్వే కదా?”

“నేనే సార్.”

“చుక్క పడాలి, చుక్క పడాలి అని నా ప్రాణం తీశావు కదా?”

“అవును సార్.”

“మరి ఇప్పుడు ఎవర్నంటావు?”

“ఎవర్నీ అనడం లేదు. నన్నే అంటున్నాను.”

ఆయన శాండ్‌విచ్ కాగితం మడతపెట్టాడు. చెడ్డవాడు కాడు. పేపరు జర్నలుకి వెళ్లిపోయిందనీ, ఇరవై మంది పూర్తయ్యాక రాసే తర్వాతి పేపరులో ‘పరిమితులు’ అనే భాగంలో దీని గురించి నాలుగు వాక్యాలు రాద్దామనీ అన్నాడు. “నొక్కితే తగ్గుతుందని తెలుసు, ఎంత తగ్గుతుందో తెలీదు. గడ్డలకి నిజంగానే ఆక్సిజన్ అందడం లేదేమో. నీకెలా తెలుసు?” అన్నాడు.

ఆ మాట నాకు హాయిగా ఉంది. ల్యాబ్‌కి తిరిగొచ్చేదాకా హాయిగానే ఉంది. మెట్లెక్కుతూ ఆ నాలుగు వాక్యాలు మనసులో రాసేశాను, చాలా బాగా వచ్చాయి. చివరి మెట్టు మీద వార్డు నుంచి దర్జీ దగ్గు వినిపించింది. ఆయన దగ్గు ఆ అంతస్తంతా పోల్చుకుంటుంది.

మార్చి 12, బుధవారం

డోసు డాక్టరమ్మకి చెప్పేశాను.

పొద్దున్నే వెళ్లాను. మొదటి ఇద్దరు రోగులు వెళ్లేదాకా ఆమె గది బయట అటూ ఇటూ తిరిగాను. నలభై రెండు గచ్చు పలకలున్నాయి ఆ నడవాలో. లోపలికి వెళ్లి నిలబడే చెప్పాను. ల్యాబ్ పుస్తకం బల్ల మీద పెట్టాను, టికెట్ కూడా.

ఆవిడ మొదట అడిగింది “ఎంతమంది?” అని.

“పదకొండు మందికి నొక్కి కొలిచాం. తొమ్మిది మందికి తక్కువొచ్చింది. ఏడుగురికి మీరు పెద్ద డోసు ఇచ్చేశారు. ఇద్దరికి ఇంకా మొదలవలేదు. పద్నాలుగో నంబరు, బేకరీ నడిపే ఆవిడ. పదిహేను మా బావ.”

“ఎప్పుడు తెలిసింది?”

“గురువారం.”

“ఇవాళ బుధవారం.”

నేను పుస్తకాన్ని ఆమె వైపు జరిపాను.

“ఒకటి అడుగుతాను. మీ బావ ఈ లిస్టులో లేకపోతే వచ్చేవారా?”

వచ్చేదాన్నని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ, నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా రాయలేకపోతున్నాను. వీడియోల్లో పద్నాలుగుసార్లు చూసింది బావదే. మిగతా పదీ సోమవారం దాకా తెరవలేదు.

ఆవిడ కేకలు వేస్తే బాగుండేది. వేయలేదు. ఫోన్ తీసి కొత్తవాళ్లనెవరినీ చేర్చుకోవద్దని చెప్పింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. “ఆ ఇద్దరికీ శుక్రవారం మళ్లీ కొలవండి. నొక్కకుండా. ఏడుగురికి ఆస్పత్రి తరఫున ఉత్తరాలు వెళ్తాయి. ఒకాయన లేరు, ఆయన భార్యకి వెళ్తుంది. మనిషిగా మీరు వెళ్లి చెప్తారా లేదా అన్నది మీ ఇష్టం” అంది.

ఏడో నంబరు. డిసెంబరు చివర్లో పోయారు. జబ్బు వల్లే పోయారని అన్నారు. జబ్బు వల్లే.

మార్చి 13, గురువారం

బావకి చెప్పాను. అక్క బజారుకెళ్లింది, తిరిగొచ్చేలోపు చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. బావ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక బోర్డు మీదున్న కుంచె తీసి చూపించాడు.

“కుంచె తేలిగ్గా పెడితే రంగు కింద నిలుస్తుంది. నొక్కితే రంగంతా పక్కలకి పోయి మధ్యలో చెక్క తెల్లగా కనబడుతుంది. పనిలో చేరిన మొదటి వారంలో నేర్పుతారే ఇది. మీ చదువుల్లో చెప్పరా?”

“చెప్తారు బావా. నేనే వినలేదు.”

“గీత వంకర పోతోందని నొక్కావు. కొత్తవాళ్లంతా చేసేదే.”

“నేను కొత్తదాన్ని కాదు కదా.”

“కాదు” అన్నాడు. దాన్ని తేలిక చెయ్యలేదు. అందుకు ఆయనంటే నాకు ఇంకా ఇష్టమైంది.

తర్వాత బోర్డు దగ్గరికి లాక్కుని మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. “రేపేనా?” అన్నాడు. “ముక్కు రాసిచ్చేశానన్నాను కదా. ఆయన వాడుకోక ఏం చేస్తాడు!” నవ్వాడు గానీ అప్పుడు గీసిన గీత వంకర పోయింది. అది చూసి నాకు భయమేసింది. బావ గీత వంకర పోవడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 14, శుక్రవారం

పొద్దున బేకరీ ఆవిడతో మొదలుపెట్టాం. ఆవిడకి నేనే కారణం చెప్పాను. “పిండిని వేలితో నొక్కి చూస్తాంగా, ఇదీ అంతే కదమ్మా” అని కళ్లు మూసుకుంది. అంత సులువుగా నమ్మింది.

ఎప్పట్లాగే తెర ముందు కూర్చున్నాను. గొట్టం డాక్టరు తీగ ఆనించాడు. 33. “ఇంకా చుక్క ఉంది” అంది పెద్ద నర్సు.

“తేలిగ్గా సార్.” 42.

“ఇంకాస్త తేలిగ్గా.” 49. చుక్క పోయింది.

“ఇంకాస్త.” 71.

“లైటమ్మా, తీగ గాల్లో ఉంది” అంది నర్సు.

అప్పుడు విన్నాను నా గొంతు నేను. ‘ఇంకాస్త నొక్కండి’ అన్న గొంతే ఇది, ఒక్క పిసరు తేడా లేదు. అప్పుడు నిలకడైన గీత కావాలి, నిలబడేదాకా నొక్కించాను. ఇప్పుడు పెద్ద అంకె కావాలి, పెరిగేదాకా ఎత్తిస్తున్నాను. బావకి ఇలాగే చేయిస్తాను. నర్సు ఆపకపోతే 71 రాసుకుని ఇంటికెళ్తాను, దేవుడా, సంతోషంగా వెళ్తాను.

లేచి నిలబడ్డాను. ఒక తువ్వాలు తెచ్చి తెర మీద అంకె వచ్చే మూల కప్పేశాను. నర్సుతో చెప్పాను. “మీరు వీడియో ఒక్కటే చూడండి. తీగకీ గడ్డకీ మధ్య సందు ఉండకూడదు, చుక్క పడకూడదు. అలా ఉందనిపించినప్పుడు ‘ఇప్పుడు’ అనండి, బటన్ మీరే నొక్కండి. ఒక్కో మనిషికి మూడుసార్లు. వచ్చిన మూడూ ఉంచుదాం. గీత వణికినా సరే, ఏదీ తీసేయొద్దు.”

“మరి నువ్వు?”

“నేను మాట్లాడను.”

గొట్టం డాక్టరు తల పైకెత్తి నా వంక చూశాడు. తీగ మళ్లీ సర్దుకున్నాడు. బేకరీ ఆవిడకి మూడుసార్లు కొలిచారు, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత బావ. నేను తెరకి వీపు పెట్టి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మూడేళ్లుగా ఈ గదిలో పనిచేస్తున్నాను, రోగి పక్కన ఎప్పుడూ కూర్చోలేదు. ఇక్కడినుంచి గది వేరేలా ఉంటుందని తెలీదు. తల మీది దీపం కళ్లలోకి కొడుతుంది. గొట్టం దిగుతుంటే మనిషి కాళ్లు మంచం మీద ఈదుతున్నట్టు కదులుతాయి. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. మునిగేవాడు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. “ఇప్పుడు” అంది నర్సు. చాలాసేపటికి మళ్లీ “ఇప్పుడు.” మూడోది రావడానికి యుగాలు పట్టింది. ఊపిరి తీయి బావా, ఊపిరి తీయి అంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం మూడింటికి డోసు డాక్టరమ్మని పిలిచి, తెర మీది తువ్వాలు తీసి అంకెలు చదివాం.

బేకరీ ఆవిడ: 50, 47, 52.

బావ: 30, 27, 32.

మళ్లీ చదివాను. అంకె మారలేదు. నర్సు వంక తిరిగాను. నేను అడగకముందే ఆమె అంది, “పడలేదు. నువ్వేం అడగబోతున్నావో నాకు తెలుసు తల్లీ. చుక్క పడలేదు.”

మార్చి 15, శనివారం

బేకరీ ఆవిడకి మామూలు డోసు. ఫోన్ చేస్తే “అయితే మింగగలనా?” అంది. మింగగలరన్నాను. “రుచి చూడకపోతే నా పని నడవదమ్మా” అని ఏడ్చేసింది.

బావకి పెద్ద డోసే. సోమవారమే మొదలు.

అక్క నాతో మాట్లాడలేదు. వంటింట్లో గిన్నెలతో మాట్లాడింది. చివరికి ఉండబట్టలేక నా మీదకి వచ్చింది. “మొదట చెప్పిందే నిజమైంది కదా? మరి ఎందుకే ఆయన్ని మళ్లీ అంత హింస పెట్టావు? నీ మనశ్శాంతి కోసమా?”

కొంత అవును. బావే అన్నాడు, “కళ్లు మూసుకుని గీసిన గీత తిన్నగా వచ్చిందనుకో. అది చూసి బోర్డు బిగించేస్తానా? కళ్లు తెరిచి ఇంకోసారి కొలిచి చూసుకోవద్దూ?”

“మీరూరుకోండి. ఎప్పుడూ దాన్ని వెనకేసుకొస్తారు” అంది అక్క. తర్వాత నా కంచంలో అన్నం వడ్డించింది, గట్టిగా, కంచం మోగేలా.

నిన్న ఆ అంకెలు చూసినప్పుడు నాకు ఏమనిపించిందో ఒక్కసారి రాసి ఊరుకుంటాను. తప్పు నాదే కావాలనుకున్నాను. నా తప్పు ఎంత పెద్దదైతే బావ గడ్డ అంత మంచిదవుతుంది. బేకరీ ఆవిడ దగ్గర నాది తప్పే అయింది, బావ దగ్గర కాలేదు.

మార్చి 17, సోమవారం

మొదటి రోజు. పన్నెండు నిమిషాలు. బావ బయటికొచ్చి “ఏమీ తెలీలేదే, వాసన కూడా లేదు” అన్నాడు, మోసపోయినట్టు. వారం తర్వాత తెలుస్తుంది. అక్క నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది.

మార్చి 18, మంగళవారం

దర్జీ దగ్గరికి వెళ్లాను. ఉత్తరం ఇంకా చేరలేదు. చేరకముందే వెళ్లాలనుకున్నాను.

ఎప్పట్లాగే చెయ్యెత్తాడు. నేను ఎత్తలేకపోయాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎక్కడా ఆగకుండా చెప్పాను. నొక్కమన్నది నేనేనని, చుక్క పడితే మంచిదనుకున్నామని, ఆయన 28 సరైనది కాకపోవచ్చని. ఆయన గొంతు గుసగుస కంటే పైకి రాదు. వినడానికి నేను వంగాల్సి వచ్చింది.

“మరి నాది అసలు ఎంత?”

“తెలీదు.”

“మళ్లీ కొలిస్తే?”

“తెలీదండీ. అప్పటి గడ్డ ఇప్పుడు లేదు. మీది ఎంతో ఇక ఎవరికీ ఎప్పటికీ తెలీదు.”

“యాభై అయ్యుండొచ్చా?”

“అయ్యుండొచ్చు.”

“ఇరవై ఎనిమిదే అయ్యుండొచ్చా?”

“అయ్యుండొచ్చు.”

పొట్ట మీది ట్యూబుని దుప్పటితో కప్పుకున్నాడు. దుప్పటి అంచు కుట్టు వదులుగా ఉంటే గోటితో సర్దాడు.

“నేను ముప్పై అయిదేళ్లు కొలతలు తీశాను. తప్పు కొలతతో కత్తెర వేసిన సందర్భాలున్నాయి. ఒక్కడికీ చెప్పలేదు. నీళ్లలో బట్ట కుంచించుకుపోయిందనేవాణ్ణి.” కాస్త ఊపిరి తీసుకున్నాడు. “క్షమించమని అడగడానికొచ్చావా?”

“లేదు.”

“మంచిది. నేను చెయ్యను.”

తలూపాను. లేవాలో కూర్చోవాలో తెలియలేదు. కూర్చుంటే ఆయనకి బరువు, లేస్తే పారిపోయినట్టు.

“ఇంకెంతమంది?”

“ఆరుగురు.”

“వాళ్లకి చెప్పావా?”

“మీరే మొదలు.”

ఆయన తలగడ మీద తల అటు తిప్పుకున్నాడు. “అయితే ఇక్కడ కూర్చున్నావేం?” అన్నాడు.

బస్టాపులో కూర్చుని ఇది రాస్తున్నాను. రాత వంకర్లు పోతోంది. ఏడో నంబరు వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఆస్పత్రి నుంచి అన్నాను. “ఇప్పుడు ఇంకేం ఉందమ్మా?” అంది. చెప్పాల్సింది ఉందన్నాను. రమ్మంది. బస్సు వచ్చింది.